పసుపు యార్డులో తుమ్ములు

2006 మార్చి, మంగళవారం

తుమ్మితే, దగ్గితే మూత్రం కారకుండా ఉండాలని పోయినేడు నేనూ మా కోడలు విజయా ఒకేరోజు ఆపరేషన్ చేయించుకున్నాం. ఇవాళ ఆర్మూర్ యార్డులో పసుపు కుప్ప పోస్తుంటే ఇద్దరికీ తుమ్ములొచ్చాయి. విజయకేమీ కాలేదు. నేను మాత్రం తడిసిపోయి గోనెసంచి మీద కూలబడ్డాను. కాంటా అయ్యేదాకా లేవలేదు.

ముసలిదాన్నంటే ఆపరేషన్ చెయ్యరేమోనని అప్పుడు పదేళ్లు తగ్గించి చెప్పాను. సాయంత్రం దవాఖానలో నిజం చెప్పేశాను.

"అరవై ఎనిమిదా? ముందే చెప్తే గింత ఆశ పెట్టకపోతుంటి గదమ్మా. గీ వయసుల అందరికీ మీ కోడలు లెక్క నయం కాదు," అంది డాక్టరమ్మ.

మళ్లీ చేస్తారా అని అడిగాను.

"చేసినా ఫాయిదా ఉంటదని చెప్పలేనమ్మా."

రేపటికి విజయ నల్లచీర తీసిపెట్టింది. "గిది కట్టుకో అత్తమ్మా, తడి కనబడది," అంది. తడిసిన చోటల్లా పసుపు దుమ్ము అంటుకుంటుందని దానికి చెప్పలేదు.