ఇంకా రాలేదండీ

ప్రియమైన అక్కకు,

చెల్లెలు నమస్కారాలతో రాస్తున్నాను. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అంతా క్షేమం అన్న మాట మాత్రం ఇప్పుడు రాయలేకపోతున్నాను. ఉత్తరం ముగించేలోపు రాయగలిగితే రాస్తాను.

ఒంటిగంట దాటింది. ఆఫీసులో ఒక్కదాన్నే ఉన్నాను. నాలుగింటికి ఒకామె ఇక్కడికి వస్తుంది. ఆమె రాకూడదు అక్కా! రావద్దని చెప్పగలిగింది పెద్ద లాయరు గారొక్కరే. ఆయన కోర్టులో ఉన్నారు, మూడింటికి గానీ రారు. లోపల ఫోను ఆపేస్తారు. ఇప్పటికి ఆరుసార్లు చేశాను. అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసేశాను. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేట్టుంది, అందుకే కాగితం తీశాను. నీకు చెవులు సరిగా వినపడవు కదా, ఫోనులో అరిచి చెప్పుకునే సంగతి కూడా కాదిది.

ముందు నీ ఉత్తరానికి జవాబు. మోకాలు ఫర్వాలేదు, మెట్ల దగ్గరే మొరాయిస్తోంది. బావగారి కళ్లజోడు పాత ఫ్రేములోనే వేయించమను, కొత్తవి ఆయన ముక్కు మీద ఆగవు. ఇక మూడో ప్రశ్న. "పద్దెనిమిదేళ్లుగా అక్కడ ఏం చేస్తున్నావే? నోట్లో నువ్వుగింజ నానని దానివి, నీకింత గుట్టు ఎక్కణ్నుంచి వచ్చింది?" అని అడిగావు. చదివి నవ్వుకున్నాను. చిన్నప్పుడు లెక్కల పరీక్ష తప్పి, నాన్నకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నావు. నేను తిన్నగా వెళ్లి, "నాన్నా, అక్క లెక్కల్లో తప్పిన సంగతి నేను చచ్చినా చెప్పను" అన్నాను. ఆ రోజు నీకు పడిన దెబ్బలు నాకింకా గుర్తున్నాయి.

అలాంటి నన్ను తీసుకొచ్చి లాయర్ల ఆఫీసులో కాగితాల బీరువా పక్కన కూర్చోబెట్టారు చూడు! మా దగ్గరికి వచ్చేవాళ్లు తమ బతుకంతా కాగితాల మీద పెట్టి మా చేతికి ఇచ్చి వెళ్తారు. ఎవరికి ఏ జబ్బు, ఏ బిడ్డకు అసలు తండ్రి ఎవరు, ఎవరికి భయపడి ఎవరు ఎక్కడ దాక్కున్నారు, అన్నీ. ఫైలు మీద పేరుండదు, అంకె ఉంటుంది. ఆ అంకె ఎవరిదో రాసిన పుస్తకం ఇనప బీరువాలో ఉంటుంది. దానికి రెండు తాళంచెవులు. ఒకటి పెద్ద లాయరు గారి దగ్గర, ఒకటి నా మెడలో. చిత్తు కాగితాలను నూలుపోగుల్లా కత్తిరించే మిషను ఒకటుంది, దాన్ని మేక అంటాం. "మేక మేసిందా?" అని అడగనిదే ఆయన సాయంత్రం ఇంటికి వెళ్లరు. నేను ఇంటి సరుకులు రాసుకున్న చీటీ కూడా దానికే వేస్తాను.

అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఫోను దగ్గర. ఎవరు ఏ పేరు చెప్పి అడిగినా ఒక్కటే జవాబు, ఫోను పైన గోడకు అంటించి ఉంది: "అలాంటివారెవరో మాకు తెలియదండీ." ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నా సరే. ఉన్నారని అనకూడదు, లేరని అనకూడదు. ఒకసారి ఒకావిడ తల్లే ఫోను చేసి ఏడిస్తే, కళ్లు తుడుచుకుంటూ అదే మాట చిలకలా అన్నాను. అక్కా, నీతో కూడా ఇన్నేళ్లు ఒక్క ముక్క అనలేదంటే చూసుకో.

ఈ నాలుగింటికి వచ్చే ఆమె, మొగుడు కొట్టే దెబ్బలకు ఓర్వలేక పదేళ్ల కూతుర్ని తీసుకుని పారిపోయి వచ్చింది. దొరికితే ఇద్దరినీ చంపుతానని అతను ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. కేసు నడుస్తోంది. ప్రతి గురువారం నాలుగింటికి వచ్చి ఆయనతో మాట్లాడి వెళ్తుంది. మొదటి రోజు తన చిరునామా రాసిచ్చి, "ఇది భద్రంగా ఉంటుందా అండీ?" అని నన్నే అడిగింది. మెడలో తాళంచెవి చూపించి, "నా తల తెగినా బయటికి పోదమ్మా" అన్నాను. అబ్బో, ఎంత గొప్పగా అన్నానో!

పోయిన శుక్రవారం పొద్దున ఆమె ఫోను చేసింది. అతను వాళ్ల వీధి మొగలో నిలబడి ఉన్నాడట. చేతిలో ఆమె పాత పూల గొడుగు ఉందట. పెద్ద లాయరు గారు పోలీసులను పంపేసరికి జారుకున్నాడు. ఆ పూటే తల్లినీ పిల్లనూ వేరే చోటికి మార్చారు. తర్వాత మమ్మల్నందరినీ నిలబెట్టి, "చిరునామా ఇక్కణ్నుంచే పోయింది. ఎవరు చెప్పారు?" అన్నారు. కంప్యూటరు తాళాలన్నీ మార్చారు. టైపిస్టు సొరుగు వెతికారు. ఆ చిరునామా చివరిసారి టైపు చేసింది తనే. పాపం, ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లింది, ఇప్పటికీ పనిలోకి పిలవలేదు. కొత్త చిరునామా ఈసారి బీరువాలో కూడా పెట్టలేదు. ఆయన బుర్రలోనే ఉంది. ఆమె పాత ఫోను కూడా పారేయించారు, కొత్తది ఇంకా లేదు.

అక్కా, చిరునామా ఎక్కణ్నుంచీ పోలేదు. చేసింది నేను.

పోయిన గురువారం కూడా ఇలాగే వాన. మూడున్నరకు ఫోను మోగింది. "అక్కా, మీరు ఎంత బిజీగా ఉన్నారో ఏమో, ఒక్క నిమిషం," అన్నాడు. ఎవరో మగమనిషి, గొంతు వెన్నపూస. ఆమె పేరు చెప్పి, "మా చెల్లెలు అక్కా. గొడుగు మర్చిపోయి బయల్దేరింది. అసలే దగ్గు, తడిస్తే మంచాన పడుతుంది. అక్కడికి చేరిందంటే తెచ్చిచ్చి పోతా," అన్నాడు. నేను కిటికీలోంచి వాన చూశాను. నా ఎదుటే గోడ మీద ఆ జవాబు కాగితం ఉంది. చూస్తూనే ఉన్నాను. నా నోరు మాత్రం, "ఇంకా రాలేదండీ" అంది.

అంతే. పేరు చెప్పలేదు, వీధి చెప్పలేదు. "ఇంకా" అన్నాను. ఇంకా రాలేదంటే వస్తుందనే కదా! అతను ఊహించి వేసిన బాణానికి నేనే గురి చూపించాను. వచ్చి ఎదుటి చెప్పుల కొట్టు దగ్గర నిలబడి ఉంటాడు. ఆమె ఇక్కడ పని చూసుకుని వెళ్తుంటే వెనకే వెళ్లి ఉంటాడు. మర్నాడు గొడుగు మాట వినగానే ఆ ఫోను ఎవరిదో తెలిసిపోయింది. ఆయన అడుగుతున్నారు, "నీకేమైనా తెలుసా?" అని. "నాకు తెలియదండీ" అన్నాను. పద్దెనిమిదేళ్లు వాళ్లందరినీ కాపాడటానికి అన్న మాట అక్కా అది. ఆ రోజు నన్ను నేను కాపాడుకోవడానికి అన్నాను.

వారం రోజులు మింగాను. ఆయన ముఖం చూసినప్పుడల్లా రేపు చెబుదాం అనుకున్నాను. ఇల్లు మారారు కదా, గండం గడిచింది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇవాళ పొద్దున కేలండరులో గురువారం అని చూశాకే తట్టింది. ఇల్లు ఎన్ని మారిస్తే ఏం? ఆమె మళ్లీ ఇక్కడికే వస్తుంది. అతనికి తెలిసింది ఇల్లొక్కటే కాదు, ఆమె ఈ గుమ్మానికి వచ్చే వేళ. ఆ సంగతి లోకంలో నా ఒక్కదానికే తెలుసు.

రెండుంబావు. ఇప్పుడే ఫోను మోగింది. ఆయనేమో అని పరుగెత్తి ఎత్తాను.

"అక్కా, ఇవాళ వచ్చిందా?"

గోడ మీది మాట చదివాను. "అలాంటివారెవరో మాకు తెలియదండీ."

నవ్వాడు. "అదేంటక్కా, మొన్న తెలుసుగా!"

పెట్టేశాడు. చెప్పుల కొట్టు చూరు కింద వానకు నలుగురు నిలబడి ఉన్నారు. అతని ముఖం నేనెప్పుడూ చూడలేదు. నలుగురూ అతనిలాగే ఉన్నారు. పోలీసులకు చేస్తే మనిషిని పంపుతామన్నారు, ఎప్పుడో చెప్పలేదు.

మూడు. ఆయన వచ్చారు. గొడుగు మడవకముందే ఎదురెళ్లి అంతా చెప్పేశాను. నన్ను తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఆమె ఉంటున్న చోటికి ఫోను చేశారు. బయల్దేరి పావుగంటైందట. పోలీసులను తొందరపెట్టడానికి ఆయన ఫోను దగ్గరే ఉండాలి. ఆ నలుగురిలో అతనుంటే గుర్తుపట్టాల్సింది కూడా ఆయనే, కోర్టులో చూశారు కనుక. ఆమెను దారిలోనే ఆపడానికి మిగిలింది నేను. ఏ బస్సో, ఎక్కడ దిగుతుందో చెప్పమన్నాను.

ఆయన నోరు తెరిచి, ఆగారు. ఒక్క క్షణమే అక్కా, నా ముఖం చూసి ఆగారు. తర్వాత చెప్పారు. ఆ క్షణం నేను చచ్చేదాకా మర్చిపోను. మెడలో తాళంచెవి తీసి ఆయన బల్ల మీద పెట్టాను. టైపిస్టుకు కబురు పంపమని కూడా చెప్పాను.

ఆమె దిగే చోటికి రెండు స్టాపుల ముందే ఆ బస్సు ఎక్కుతాను, ఆమెను ఇక్కడ దిగనివ్వను. పెద్ద గొడుగు తీసుకున్నాను. మోకాలి సంగతి దేవుడెరుగు. ఇది దారిలో పోస్టు డబ్బాలో వేస్తాను. చదివాక చింపెయ్యి, నాలుగు ముక్కలు చాలవు, మేక మేసినట్టు చింపు.

క్షేమమన్న మాట ఆఖరున రాస్తానన్నాను కదా. ఇంకా రాయలేను అక్కా.

ఇట్లు,
నోట్లో నువ్వుగింజ నానని
నీ చెల్లెలు