పెళ్లి గుడారం కప్పు

డిసెంబర్ 8
మైనస్ ఇరవై ఏడు. నరిన్ నది గడ్డకట్టింది. సాయంత్రం ఊరంతా హీటర్లు పెట్టుకుంటే డ్యాం కరెంటు చాలదు. అప్పుడే మా ప్లాంటుతో పని. నూనెతో నడిచే రెండు ఇంజిన్లు, ఒక చిమ్నీ, కంట్రోల్ రూమ్‌లో నేను. ఈ నెల రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ ఇంజిన్ లేవలేదు. ట్యాంకు నుంచి వచ్చే పైపులో నల్లనూనె చలికి పేరుకుపోతోంది. శుక్రవారం టెస్ట్. ఫోన్ చేసిన అరగంటలో కరెంటు ఇవ్వకపోతే ప్లాంటు మూసేస్తామని రాజధాని నుంచి ఫోన్.

డిసెంబర్ 9
విప్పి చూస్తే పైపును వెచ్చబెట్టే కాయిల్ కాలిపోయి ఉంది. ట్యాంకులో నూనె వెచ్చగానే ఉంది, పైపులోకొచ్చాకే బిగుస్తోంది. కొత్తది మంచు కరిగాక వస్తుందట. మంచు కరిగాక మాకెందుకు!

డిసెంబర్ 10
నూనె చూసే అసన్‌కుల్ బాబాయి ఇంటి నుంచి గుడారం కప్పు మోసుకొచ్చాడు. గొర్రె ఉన్ని అదిమి చేసింది, వేలెడు మందం. మార్చిలో మనవడి పెళ్లికి వేసే గుడారం కోసం దాచిపెట్టుకున్నది. వెనకాలే ఆయన భార్య కెంజెబు పిన్ని. నా ఉన్నికి మసి పూస్తావా ముసలోడా, పోయి నువ్వే చుట్టుకో ఆ పైపుకి అని గేటు దగ్గర్నించే అరిచింది. నేను బక్కోణ్ణి, మూరెడు పైపుకి కూడా చాలనే అన్నాడాయన. గార్డు నవ్వాపుకోలేక గదిలోకి పోయాడు. పైపు మీద వేడినీళ్లు పోసి లోపలి నూనె కరిగించాం. బాబాయి కప్పు చుట్టబోతే, ఆ కట్టు చూసి పిన్నికి ఇంకా ఒళ్లు మండింది. మాలో గుడారం కర్రలు మగవాళ్లవి, కప్పూ తాళ్లూ ఆడవాళ్లవి. ఇలాగేనా కట్టేది, గాడిదకి గంతలా ఉంది, ఇటివ్వు అని లాక్కుంది. చీకటి పడేదాకా తనే కట్టింది.

డిసెంబర్ 11
పైపు వెచ్చగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. కాసేపటికి మళ్లీ వెళ్లి చూశాను.

డిసెంబర్ 12, శుక్రవారం
పిన్ని టీ తెచ్చి ఇంకా ఇక్కడే ఉండగానే రాజధాని నుంచి ఫోన్ వచ్చింది. పరిగెత్తాం. నూనె వదిలే వాల్వ్ కనపడదే! పిన్ని దాన్ని కూడా కప్పులో కలిపి చుట్టేసింది. గుడారానికి సందు ఉంచితే గాలొస్తుంది కదా మరి. తాళ్ల ముడులు మంచుకి రాళ్లలా బిగిశాయి. బాబాయి కత్తి తీశాడు గానీ కొయ్యలేకపోయాడు. ఏంటలా చూస్తావ్, పెళ్లికూతురి ముసుగా అది అంటూ పిన్ని కత్తి లాక్కుని మూరెడు చీల్చింది. వాల్వ్ తిప్పాం. ఇంజిన్ దగ్గింది, మళ్లీ దగ్గింది, అందుకుంది. అరగంట ఇంకా కాలేదు. రాజధాని వాడు సరే అన్నాడు, అంతే.
పిన్ని ఏడుస్తోంది. నూనె వాసన పడలేదంది.

మార్చి 22
పెళ్లి. కొత్త కాయిల్ వచ్చాక కప్పు తిరిగి ఇంటికెళ్లింది. గుడారానికి ఒకవైపు నల్లటి మచ్చ, దాని మీద ఎర్రదారం కుట్టు. ఆ పక్కనే, డ్యూటీలో ఉన్నవాళ్లు తప్ప ప్లాంటు వాళ్లందరినీ కూర్చోబెట్టింది పిన్ని. సాయంత్రం బల్బు సన్నబడింది. చుట్టాలందరూ మావైపు తిరిగారు. బాబాయి రొట్టె కింద పెట్టాడు.
బల్బు మళ్లీ నిండుగా వెలిగింది. తిన్నాడు.