జాలి మాట కొట్టేసిందెవరు

రాజన్న బావా,

నువ్వు పోయి ఈ వానలకు ఏడాది. మనం రాసిన పంపు మరమ్మతు పుస్తకం ఇంకా సిరొంచ ఆఫీసు కంప్యూటర్లో, నువ్వు పెట్టించిన సబ్‌వెర్షన్ అనే ప్రోగ్రాంలోనే ఉంది. ఎవరు ఏ మాట మార్చినా పేరు, కారణం అందులో నిలిచిపోతాయి కదా.

నిన్న బామ్ని ఊరి రైతు ఒకాయన కాలిపోయిన మోటారు తెచ్చి మా ఆఫీసు కొత్త సాహెబ్ ముందు పెట్టిండు. "మీ పుస్తకం జూసే నడిపిన. బురదనీళ్లొస్తే పైపు అడుగున చెత్త ఆపే జాలి పూడుతది, కడగాల్నని ఏడ రాసిండ్రు? ఇగ నా వరికి నీళ్లెట్ల?" అన్నడు.

సాహెబ్ చాయ్ తాగుకుంటనే, "రాసినాయన సచ్చిపోయిండు. తప్పు ఆయనదే," అన్నడు.

నేను కంప్యూటర్ ముందు కూసొని పాత మార్పులన్నీ తెర మీద తెరిచిన. జాలి మాట రాసింది నువ్వు. పోయిన నెల కొట్టేసింది సాహెబ్. కారణం దగ్గర ఏమీ లేదు.

రైతు చదివిండు. సాహెబ్ కూడా చదివిండు.

"గీ పాత మార్పుల చెత్తంత తీసెయ్, ఉత్తగ జాగ తింటుంది," అన్నడు. థూ, ఏం మనిషి బావా!

నేను నీ వాక్యం మళ్లీ పెట్టి, కారణం దగ్గర "బామ్నిలో మోటారు కాలింది" అని రాసిన. ఇగ దాన్ని తీయాలంటే ఆయన మళ్లా తన పేరుతోనే తీయాలె.