కప్పు ఎత్తడానికి ఇద్దరు

ప్రియమైన శ్రీమతికి,

నీవు మీ చెల్లెలింటికి వెళ్ళి నేటికి నలభై ఒక్క రోజులు. ఇంట్లో అందరూ క్షేమం. అందరూ అనగా నేను.

మన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు విషయమై తెలియజేయునది: నీవు వెళ్ళే ముందు ఆదివారం గాలి కోసం ఊడదీసిన కప్పు పలక హాల్లో గోడకు ఆనుకొని ఉన్నది. దానిని బిగించుటకు చెరో పక్కన ఒకరు ఉండవలెనని కారు పుస్తకం స్పష్టం చేయుచున్నది. ఈ ఇంటి జనాభా ప్రస్తుతం ఒకటి. మొన్నటి వానకు నీ సీటు తడిసినది. ఉన్న ఒక్క గొడుగూ నా సీటుకు కట్టాను.

కావున వెంటనే బయలుదేరవలెనని కోరడమైనది.

నీ భర్త,
తూనికలు కొలతల తనిఖీ అధికారి

*

శ్రీవారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మా చెల్లెలు, "అక్కా, బావగారు పిలిచింది నిన్నా, నీ చేతుల్నా?" అంది. నాకూ తెలియలేదు. ఎలా ఉన్నావన్న మాట కోసం ఉత్తరమంతా వెతికాను.

పలకకు ఎవరైనా చాలు. పక్కింటి డ్రిల్ మాస్టారిని పిలవండి. నన్నెందుకు రమ్మంటున్నారో, పలక ఊసు లేకుండా మరోసారి రాయండి. రాస్తే వస్తాను.

మీ ఆవిడ

*

ప్రియమైన శ్రీమతికి,

నీ లేఖలోని అంశాలలో సులువైనది ముందుగా చేపట్టాను. డ్రిల్ మాస్టారు ఎడమ పక్క, నేను కుడి పక్క నిలిచాం. ఒకటి, రెండు, మూడు అని లెక్క నేనే పెట్టాను. పలక కిందపడి అడ్డంగా చీలింది.

ఆయన, "మూడుకు ఎత్తుదామని చెప్పి రెండుకే ఎత్తేశారేంటండీ?" అన్నారు. ఖండించాను. భోజనాల బల్లను అలాగే ఎత్తి చూసి విచారణ జరిపాం. అయిదుసార్లకు అయిదుసార్లూ నా చేతులు రెండుకే లేచాయి.

పన్నెండేళ్ళలో ఆ పలక ఒక్కసారీ పడలేదు. అది నా నైపుణ్యమని నమ్మాను. ఊళ్ళో ప్రతి తక్కెడకూ తప్పు రాసినవాణ్ణి.

మిగిలిన అంశానికి నాలుగు కాగితాలు చించాను. కారుకు కప్పు అక్కర్లేదు. నువ్వు రా. ఎలా ఉన్నావు?

నీ భర్త

*

ఏమండీ,

మీ ఈ ఉత్తరం చెల్లెలికి చూపించలేదు.

పన్నెండేళ్ళ కిందట పలక ఎత్తిన మొదటి రోజే, మీరు రెండుకే ఎత్తేయడంతో నా మణికట్టు బెణికింది. చెబితే ఖండిస్తారని నేనే రెండుకు ఎత్తడం నేర్చుకున్నాను. ఒక్క పలక దగ్గరే కాదు. మీ మాట పూర్తికాకముందే సరేననడం కూడా అలా వచ్చిందే.

నిన్న చెల్లెలూ నేనూ బీరువా ఎత్తి జరపబోయాం. చెల్లెలు మూడనేలోపే నా చేతులు లేచాయి. పాపం, దాని వేలు నలిగింది. "నీకేమైంది అక్కా?" అని ఏడ్చింది.

రాస్తే వస్తానన్నాను. మీరు రాశారు, నేనే మాట తప్పుతున్నాను. వస్తే మళ్ళీ మీకంటే ముందే సర్దుకుపోతాను. మీరు మారినా, నా చేతులు మారవు.

ఎలా ఉన్నావని అడిగారు. ఇంకా రెండు దగ్గరే ఉన్నాను.

ఇట్లు,
నేను