పేలు లేని దువ్వెన

బుధవారం, హాస్టల్ గది

గెలిచాం! సంతలో కొన్న పేల దువ్వెనలతో పిల్లలందరి తడి తలలూ దువ్వి, తెల్లగుడ్డ మీద దులిపితే ఒక్క పేను కూడా రాలలేదు! మందు ఒకసారి రాసి ఊరుకోకుండా వారం తర్వాత మళ్లీ రాయడమే పనిచేసింది. జుట్లు కత్తిరించేయమన్న హెడ్మాస్టరు కూడా నవ్వారు.

మూడో తరగతి సుక్రి మాత్రం మొహం ముడుచుకుంది. "ఏటయిందే గుంటా?" అన్నాను.

"పేలు నేకపోతే సాయంత్రం మెట్ల మీద అక్క నా తల సూడదు కదా, మేడమ్."

ఇల్లు వదిలొచ్చిన ఈ పిల్ల ఏడుపు మానింది ఆ పదో తరగతి అక్క ఒళ్లోనే. నాకెందుకు తట్టలేదు...

"లేకపోయినా చూడాలే, మళ్లీ పట్టకుండా" అన్నాను. సుక్రి ఒకటే పరుగు! వెతకడానికేమీ లేని ఆ తలలో అక్క వేళ్లు చీకటిపడేదాకా తిరిగాయి.