నీ గోడకి పర్మిట్ వచ్చింది

సుజాతా,

గోడకి పర్మిట్ వచ్చింది. కౌంటీ నుంచి ఈమెయిల్ చూడగానే నిన్ను పిలవబోయి ఆగాను. నువ్వు పోయి ఏడాది కావస్తున్నా ఆ అలవాటు పోలేదు.

అమెరికా వచ్చి, జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లో ఈ ఇల్లు కొన్నప్పటి నుంచీ వాన పడితే చాలు, మన పెరట్లో ఎర్రమట్టి జారి పక్కవాళ్ళ ఫెన్స్ దాకా పోయేది. దాన్ని ఆపే గోడకి డ్రాయింగ్ నువ్వే గీశావు. విజయవాడలో సివిల్ ఇంజనీర్‌గా చేసినదానివి. ఇక్కడ డిపెండెంట్ వీసా మీద ఇన్నేళ్ళు ఇంట్లో కూర్చున్నాక నీకు దొరికిన మొదటి పని అది. పర్మిట్ కోసం వెళ్తే కౌంటీ ఆఫీసు కౌంటర్‌లో ఆవిడ "ఇంజనీర్ స్టాంప్ ఏది?" అంటే "నేనే ఇంజనీర్‌ని" అన్నావు. జార్జియా లైసెన్స్ ఉందా అని అడిగి, లేదంటే డ్రాయింగ్ వెనక్కిచ్చేసింది. తిరిగొస్తుంటే కార్‌లో అన్నావు: "ఉద్యోగం ఎలాగూ చెయ్యనివ్వరు. మన పెరట్లో మట్టిని కూడా ఆపనివ్వరా?"

పోయిన నెల లైసెన్స్ ఉన్న ఇంజనీర్ ఒకతనికి నీ డ్రాయింగ్ ఇచ్చాను. లెక్కలన్నీ మళ్ళీ చేసి చూసుకున్నాడు. "చాలా బాగా చేశారు, మార్చడానికేం లేదు" అన్నాడు. నిజంగానే ఒక్క గీత కూడా మార్చలేదు. కింద మూలలో నీ పేరు తీసేసి, తన పేరు పెట్టుకుని స్టాంప్ వేశాడు. రూల్ అదేనట. మంచివాడే, సారీ కూడా చెప్పాడు. నేను సరేనన్నాను. ఇంకేమనాలి?

సోమవారం తవ్వడం మొదలుపెడతారు. ఈ గోడ యాభై ఏళ్ళు నిలుస్తుందని అనేదానివి. అది నీదని చెప్పడానికి అన్నేళ్ళు నేనుండను.