మధ్యలో కూర్చునే మనిషి

తమ్ముడూ డెల్బర్ట్,

నీ పాత ముస్టాంగ్ కారు లోపలి పని పూర్తయింది. శనివారం సాయంత్రం డెట్రాయిట్ కార్లన్నీ వరసకట్టి షికారు మొదలుపెట్టేలోపు వచ్చి తీసుకుపో. ఎండకు పగిలిన డాష్‌బోర్డు మార్చాను, కొత్త కార్పెట్ పరిచాను, పాత రేడియో వెనకే కొత్త స్టీరియో దాచాను.

ముందు మాత్రం నువ్వడిగిన విడివిడి సీట్లు, వాటి మధ్య కప్పులు పెట్టుకునే పెట్టె బిగించలేదు. పాత పొడుగు సీటుకే కొత్త స్పాంజి వేసి తోలు కుట్టాను. నామీద కేకలేసే ముందు సంగతి విను.

"లొరైన్‌కి ఈ కారంటే పడదక్కా, ఎక్కనే ఎక్కనంటోంది" అని నా దగ్గర సణుగుతున్నావు కదా. నీ పెళ్ళాం మొన్న షాపుకొచ్చి, బిగించడానికి తెచ్చిపెట్టిన విడి సీట్లు చూసి మొహం ముడుచుకుంది.

"పడకపోతే పెళ్లికి ముందు నుంచీ ఆయన భుజానికి ఆనుకుని మధ్యలో కూర్చునేదాన్నా, వదినా? ఇప్పుడు నా చోట్లో కాఫీ కప్పులు పెట్టుకుంటాడట" అంది.

అందుకే మధ్యలో కొత్త బెల్టు కూడా బిగించాను. కిటికీ పక్కన ఎటూ ఖాళీయే. నామీద కోపమొస్తే ఆ కోపాన్ని అక్కడ కూర్చోబెట్టుకో.

నీ మాట వినని
అక్క